నీలిరంగు పద్ధతి

భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్ గట్టెక్కింది మూడో ప్రయత్నంలో. బోస్టన్ చేరాక, ఆసుపత్రిలో రాత్రిపూట చిన్నాచితకా పనులు చేసి పూట గడుపుకున్నారు.

1925లో, హార్వర్డ్‌లో పనిచేస్తూ, ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ప్రకటించారు. గాజుగొట్టంలో ద్రవం నీలంగా మారుతుంది. నీలం ఎంత చిక్కనైతే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. ఆ పద్ధతికి ఇద్దరి పేర్లూ నిలిచాయి.

అయినా హార్వర్డ్‌లో శాశ్వత కొలువు మాత్రం దక్కలేదు. తన డప్పు తాను కొట్టుకోవడం ఆయనకు చేతకాదు మరి! ఏ కాలంలోనైనా ఆఫీసుల్లో అది ఖరీదైన లోపమే.

1940లో లెడర్లీ మందుల కంపెనీకి మారారు. అక్కడ పరిశోధన పగ్గాలు ఆయన చేతికొచ్చాయి. ఫోలిక్ యాసిడ్ తయారీ, క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్ ఆయన బృందాల పనే. అక్కడే పుట్టిన యాంటీబయాటిక్ ఆరియోమైసిన్ లోకానికి తెలిసిన 1948లోనే, 53 ఏళ్లకు, కన్నుమూశారు.