ఏది మన యింట చదువదగినది?

ధ్యాన భాగములు: ఫిలిప్పీయులకు 4:8, అపొస్తలుల కార్యములు 19:18-20, యిర్మీయా 36వ అధ్యాయము



గత సంవత్సరము వరికోతల దినములలో మేము ఒక గ్రామమునకు కుటుంబ ప్రార్థన నిమిత్తము వెళ్లితిమి. ఆ యింటి యజమాని సంఘపు పెద్ద, దైవభయము గలవాడు. ఆదివారము అందరికంటె ముందు వచ్చి మందిరము తలుపు తీయువాడు ఆయనే. మేము చాపమీద కూర్చుండునప్పటికి ఆయన కుమార్తె, ఎనిమిదవ తరగతి పిల్ల, బడి గ్రంథాలయమునుండి తెచ్చుకొన్న చిన్న పుస్తకమొకటి చదువుకొనుచుండెను. వేమన పద్యములును సుమతీ శతకమును కలిపి అచ్చువేసిన పుస్తకమది. అట్టమీద ఒక దేవత బొమ్మ యుండెను. తండ్రి దానిని చూచి, మా యెదుట సిగ్గుపడెనో యేమో, పిల్ల చేతిలోనుండి లాగుకొనిపోయి పొయ్యిలో పెట్టెను. పిల్ల ఏడ్వలేదు. లోపలికి వెళ్లినది మరల ప్రార్థనకు రాలేదు.

ప్రార్థన ముగిసి భోజనమునకు కూర్చున్నప్పుడు ఆ పెద్దయే సంతోషముతో తన ఫోను తీసి మాకొక వీడియో చూపెను. తాను ప్రార్థించి పంపు నూనెను రాచుకొన్నవారికి మోకాళ్ల నొప్పులు పోవునని, అప్పులు తీరునని, చేనికి పట్టిన తెగులు సహా వదలునని అందులో ఒక బోధకుడు చెప్పుచుండెను. మన పెద్ద 500 రూపాయలు పంపి సీసా తెప్పించుకొనెను. అది గూటిలో బైబిలు ప్రక్కనే యుండెను. మేము ఏమియు అనలేదు. వారి అన్నము తినుచు వారిని నొప్పించుట యెట్లని సంకోచించి, చేయి కడుగుకొని వచ్చితిమి. ఆ మౌనమే ఇప్పుడు మాచేత ఈ మాటలు వ్రాయించుచున్నది.

ఆ సాయంకాలము ఆ యింట నున్న రెండింటిలో హానికరమైనది ఏది? బొమ్మ గల పుస్తకమా, ప్రభువు నామము పలికిన వీడియోయా?

అపొస్తలుడైన పౌలు చెరలోనుండి ఫిలిప్పీ సంఘమునకు వ్రాయుచు, విశ్వాసి మనస్సు నిలుపదగిన సంగతులను వరుసగా చెప్పెను. ఆ వరుసలో మొదటిది సత్యము. మాన్యత, న్యాయము, పవిత్రత మొదలైనవన్నియు దాని వెనుక వచ్చుచున్నవి. ఇది ఊరక జరిగినదని మేము తలంచము. ఏవి మతసంబంధమైనవో వాటిని చదువుడని ఆయన చెప్పియుండవచ్చును గాని చెప్పలేదు. అయితే మనము మన యిండ్లలో చేయుచున్నది అదియే. సిలువ గుర్తు కనబడిన యెడల తలుపు తీయుదుము, కనబడనియెడల మూయుదుము. లోపల నున్నది నిజమా అబద్ధమా అని అడుగుట మరచిపోతిమి.

వేమన పద్యములలో కపట భక్తిని ఎగతాళి చేయునవి అనేకములు. వాటిని విని మన ప్రవక్తలైన ఆమోసు, యెషయా నొచ్చుకొనియుందురని మాకు తోచదు. ఆ పద్యములను వెదకించి, ప్రతులు వ్రాయించి, 1829లో ఇంగ్లీషు అనువాదముతో అచ్చు వేయించిన బ్రౌను దొర ఒక పాదిరీగారి కుమారుడే. పౌలు ఏథెన్సులో గ్రీకు కవుల మాటను ఎత్తి చెప్పెను; తీతుకు వ్రాయుచు క్రేతీయుల కవి మాటను చెప్పి, అది నిజమని సాక్ష్యమిచ్చెను. దానియేలు బబులోనులో రాజు పంపిన భోజనము వద్దనెను గాని కల్దీయుల విద్య వద్దనలేదు. ఏది తనను అపవిత్రపరచునో ఏది అపవిత్రపరచదో ఆ బాలుడు ఎరిగియుండెను.

అయినను ఆ పెద్ద భయమును మేము తృణీకరించుట లేదు. మన తాతలు కొందరు పాత దేవతలను విడిచిపెట్టినప్పుడు ఊరి బావి పోయినది, కూలి పోయినది, బంధుత్వము పోయినది. అంత వెల యిచ్చి బయటికి వచ్చినవారి మనుమడు ఆ బొమ్మను చూచి ఉలికిపడుటలో వింత లేదు. అట్టలు తొలగించి లోపల చదువుమని మనము చెప్పవలసియుండెను గాని, ఉలికిపాటును చూచి నవ్వరాదు.

ఎఫెసులో విశ్వాసులు పుస్తకములు కాల్చలేదా అని ఎవరైనను అడుగుదురు. కాల్చిరి, నిజమే. వాటి వెల 50,000 వెండి రూకలు. ఒక రూక ఒక దినపు కూలి అనుకొన్నచో 50,000 దినముల కూలి. అయితే ఆ పుస్తకములు ఎవరివి? కాల్చినవారివే. అవి మంత్రవిద్య పుస్తకములు. తాము చేసినది తామే ఒప్పుకొని, తమ చేతులతో తెచ్చి, తమ నష్టమును తామే భరించిరి. బైబిలులో ఇంకొక మంటయు కలదు. యూదా రాజైన యెహోయాకీము చలికాలపు ఇంటిలో కుంపటి ముందర కూర్చుండి, యిర్మీయా పలుకగా బారూకు వ్రాసిన గ్రంథమును చాకుతో కోసి ముక్క ముక్కగా నిప్పులో వేసెను. అది తనది కాదు. వినుటకు ఇష్టము లేక కాల్చెను. యిర్మీయా మరల చెప్పగా బారూకు మరల వ్రాసెను, మునుపటికంటె ఎక్కువ మాటలు చేరెను. ఇంటి పెద్ద చేయి పొయ్యివైపు పోవునప్పుడు ఈ రెండు మంటలలో తనది ఏదో తెలిసికొనుట మంచిది. ఆ సాయంకాలము ఎఫెసు మంటకు తగినది గూటిలోని సీసాయే, అదియు ఆయన తనంతట తానే తెచ్చి వేసినయెడల.

పెద్దమీద నేరము మోపి మేము తప్పించుకొనరాదు గనుక మా సంగతియు చెప్పవలెను. కొంతకాలము క్రిందట మా ఫోనునకు ఒక వార్త వచ్చెను. ఫలాని పట్టణములో మందిరమును తగులబెట్టిరి, విశ్వాసులను కొట్టిరి, త్వరపడి ప్రార్థించుడి, పదిమందికి పంపుడి అని. మండుచున్న మందిరపు ఫోటోయు ఉండెను. మేము కన్నీళ్లతో దానిని సంఘపు వాట్సాపు గుంపులో పెట్టితిమి. మా సంఘములో ఒక విధవరాలి కుమారుడు ఆ పట్టణములోనే తాపీపని చేయుచుండెను. అతని ఫోను ఆ రాత్రి పలుకలేదు. తెల్లవారువరకు ఆమె ఇంటి అరుగుమీద కూర్చుండెను. ఉదయము అతడే పలికి, ఇక్కడ ఏమియు జరుగలేదనెను. ఆ ఫోటో పాతది, వేరొక దేశములోనిది. మనవారికి ఎన్నడును అట్టి శ్రమ కలుగదని మేము చెప్పుటలేదు. కలిగినప్పుడు నమ్మువారు ఉండవలెనన్న యెడల, కలుగనిదానిని మనము చాటరాదు. సదుద్దేశముతో చెప్పిన అబద్ధము అబద్ధమే. దానిని పంపుటకు మాకు ఒక్క వ్రేలు కదిలించుటకంటె ఎక్కువ శ్రమ కాలేదు.

సినిమాల విషయము, సీరియళ్ల విషయము అడుగువారున్నారు. పాపమును చూపు కథలన్నియు విడువవలెనా? అట్లయిన రెండవ సమూయేలు గ్రంథము 11వ అధ్యాయమును మూసిపెట్టవలెను. దావీదు చేసినది అందులో దాచబడలేదు. ఊరియా మరణమును, నాతాను వచ్చి నిలుచుటయు, బిడ్డ చనిపోవుటయు దాచబడలేదు. కథ మంచిదో చెడ్డదో తేల్చునది ఇదియే. త్రాగుట మగతనమని చూపి, త్రాగినవాని యింటి మరునాటి ఉదయమును, ఖాళీ డబ్బాను, భార్య ముఖమును చూపని సినిమా అబద్ధికురాలు. అందులో ఒక్క బూతుమాట లేకపోయినను సరే. మన ఊళ్లలో ఆ ఉదయములు ఎట్లుండునో పిల్లలకు తెలియును. అడిగినచో వారే చెప్పుదురు.

పుస్తకములు కొనుటకు మాకు స్తోమత యెక్కడిదని కొందరందురు. యాత్రికుని ప్రయాణము వ్రాసిన జాను బన్యను పాత పాత్రలకు మాట్లు వేయువాడు. పెండ్లియైనప్పుడు వారికి గిన్నెగాని గరిటెగాని లేదని ఆయనే వ్రాసికొనెను. భార్య పుట్టింటినుండి తెచ్చినవి తండ్రి విడిచిపోయిన రెండు భక్తి పుస్తకములు. ఆ యిద్దరును అప్పుడప్పుడు వాటిని కలిసి చదువుకొనిరి. చెరసాల చూచి, 1678లో యాత్రికుని ప్రయాణమును లోకమునకిచ్చినవాని యింటి గ్రంథాలయము ఆ రెండు పుస్తకములతో ఆరంభమాయెను. కలిసి చదువుకొనిరనుట మాకు ఎక్కువ ప్రీతి.

చదువురాని తలిదండ్రులు ఎట్లు ఎంచుకొందురు? పిల్లను బిగ్గరగా చదువుమని అడుగుడి. వంట అగుచుండగా చదువనిండు. ఫోనులో చూచుచున్నదియు చెవిలో పెట్టుకొనక అందరు వినునట్లు పెట్టమనుడి. అర్థము కానిచోట నిలిపి, ఇది నిజమా అని అడుగుడి. మీకు అక్షరములు రాకపోవచ్చును గాని, అబద్ధమును పసిగట్టుట సంతలో పశువులను కొన్నవారికి ఎవరు నేర్పవలెను?

మొన్న ఆ గ్రామమునకు మరల వెళ్లితిమి. కాలిన పుస్తకమునకు బడిలో వెల కట్టమనిరట, తండ్రి కట్టెను. నూనె సంగతియు పుస్తకము సంగతియు ఆలస్యముగానైనను ఆయనతో చెప్పితిమి. ఆయన చాలసేపు నేల చూచి, “ఈ మాట ఆనాడే చెప్పవలసింది గదా అయ్యగారూ” అనెను. మాయొద్ద జవాబు లేదు. ఆయన కుమార్తెను పిలిచి, “ఆ పద్యాలేమిటో ఒకటి చెప్పమ్మా, వింటాను” అనెను. పిల్ల తలుపు దగ్గరకు వచ్చి నిలిచెను గాని నోరు తెరువలేదు. ఆయన కోపపడక, కొంతసేపు ఆగి, మరల అడిగెను.