పరదేశవాసము – స్వధర్మము

కృష్ణా మెట్టసీమయందలి జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములనుండి విద్యకై అమెరికాకు బోయిన యువకులు తొలియేట ఇంటిని తలచి కుములుట దౌర్బల్యమని కొందరు పెద్దలు తలంతురు. నేనట్లు తలంపను. చిన్ననాటనుండి అలవడిన భాషయు, ఆహారమును, పలకరింపును ఒక్కమారుగా తొలగినప్పుడు మనస్సు నొచ్చుట సహజము. పుట్టినిల్లు విడిచి అత్తవారింట అడుగిడిన కోడలికి ఈ సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆమెపట్ల మాత్రము మనకింత జాలి కలుగుట లేదు!

క్రొత్త దేశాచారమును గైకొన్నవాడు తన ధర్మమును విడిచినట్లగునా? విగ్రహారాధనను ఖండించిన రాజా రామమోహనరాయలు 1830వ సంవత్సరమున ఇంగ్లండునకు నావ యెక్కినప్పుడు సేవకులను వెంట గొనిపోయెను. 1833లో బ్రిస్టలు చెంత కన్నుమూసినప్పుడు సయితము ఆయన మేన యజ్ఞోపవీతముండెను. అయినను అచటి ఏకేశ్వరవాదులైన క్రైస్తవుల ప్రార్థనామందిరములలో పరాయివానివలె మెలగలేదు. పాతగుర్తును వదలకయే క్రొత్తవారిని ఆప్తులుగా జేసికొనెను. వేషమును, భోజనమును, వేళలను దేశమునుబట్టి మార్చుకొనవచ్చును, సత్యమును మార్చుకొనరాదు.

ఆ సత్యమునకే నేడు లోపము గలుగుచున్నది. అప్పుచేసి పంపిన తండ్రి బెంగపడునని కుమారుడు టెలిఫోనులో “బాగున్నాను నాన్నా” అనును. కుమారుని చదువు చెడునని తల్లి తన జ్వరమును దాచును. ఇరువురును ప్రేమచేతనే బొంకుచున్నారు. అందుచే ఇరువురి యొంటరితనమును పెరుగుచున్నది. తల్లిదండ్రులు మార్కులనుగూర్చియు, ఉద్యోగమునుగూర్చియు పిమ్మట విచారింపవచ్చును. “నాయనా, రాత్రి ఎవరితో గలసి భుజించితివి?” అని ముందుగా అడుగవలెను, వాడు జవాబు చెప్పుటకు తడబడినచో, ఆ తడబాటును కోపింపక వినవలెను.