దుఃఖంలో తినే తిండి: పాపమా, వ్యాధా?

ఆకలి ఉండదు. అయినా తింటారు. కడుపు నొప్పి పుట్టేదాకా తిని, తర్వాత ఏడుస్తారు. ఇది ఇస్రాఫ్ కిందికి వస్తుందా, దీనికి పరలోకంలో లెక్క చెప్పుకోవాలా అని మమ్మల్ని అడిగేవారు ఉన్నారు. వారిలో స్త్రీలే ఎక్కువ. తమ్ముడి చేతికి చీటీ ఇచ్చి పంపుతారు, లేదా మా ఇంటి ఆడవాళ్ళ ద్వారా అడిగిస్తారు.

మన కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో ఈ ప్రశ్న వెనుక ఉన్న జీవితం మనకు తెలియనిది కాదు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు ఎన్నో ఇళ్ళలో భర్త గల్ఫ్‌లో ఉంటాడు. రెండేళ్ళకో మూడేళ్ళకో ఒకసారి వస్తాడు. వీసా కోసం చేసిన అప్పు, అత్తమామల సేవ, పిల్లల చదువు, అన్నీ ఒక్కామె మీదే. పగలంతా అందరికీ వడ్డించి తాను సరిగా తినదు. రాత్రి అందరూ పడుకున్నాక మిగిలిన బగారా అన్నం, పిల్లల కోసం దాచిన బిస్కెట్లు, పొద్దుటి రొట్టెలు, ఏది దొరికితే అది. తెల్లవారాక సిగ్గు, ఆ సిగ్గుతో మళ్ళీ పస్తు. అక్కడ దుబాయిలోనో రియాద్‌లోనో ఇరుకు గదిలో ఉన్న మగవాడికి ఈ బాధ ఉండదని కాదు. అతను చీటీ పంపడు, అంతే.

అమెరికా మానసిక వైద్యుడు ఆల్బర్ట్ స్టంకార్డ్ 1959లోనే ఇలాంటి తిండి తీరును వర్ణించాడు. 2013లో అక్కడి మానసిక వైద్యుల సంఘం తన వ్యాధుల గ్రంథంలో 'బింజ్ ఈటింగ్ డిజార్డర్'ను ఒక ప్రత్యేక వ్యాధిగా చేర్చింది. కొద్దిసేపట్లోనే మామూలు మనిషి తినేదానికన్నా చాలా ఎక్కువ తినడం, ఆపాలనుకున్నా ఆపలేకపోవడం, తిన్నాక తన మీద తనకే అసహ్యం కలగడం, ఇది వారానికి కనీసం ఒకసారి చొప్పున మూడు నెలలు సాగడం దాని గుర్తులు. వలీమాలో నాలుగు కబాబులు ఎక్కువ తిన్నవాడు రోగి కాడు. దిగులు పుట్టి కాస్త మిఠాయి నోట్లో వేసుకున్నవారూ రోగులు కారు.

"ఆపలేకపోవడం" అన్న మాట దగ్గరే ధార్మిక ప్రశ్న మొదలవుతుంది. షరీఅత్‌లో బాధ్యత శక్తిని బట్టి ఉంటుంది. నిద్రలో ఉన్నవాడిని, పసివాడిని, మతిస్థిమితం లేనివాడిని దైవప్రవక్త (స) లెక్క నుంచి మినహాయించారు. మన సోదరి ఈ ముగ్గురిలో లేదు. తాను చేస్తున్నదేమిటో ఆమెకు తెలుసు. అలాగని రుచి కోసం కంచం నింపుకున్నవాడితో ఆమెను సమానం చేయడం న్యాయమా? మా దృష్టిలో ఆమెకు బాధ్యత ఉంది, కాని అది అర్ధరాత్రి వంటింట్లో లేదు. అక్కడ ఆమెకు పట్టు తప్పింది. పగటి వేళ మనసు కుదురుగా ఉన్నప్పుడు చికిత్స వెతుక్కోవడంలో ఉంది ఆ బాధ్యత. క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ తన 'మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్ఫుస్' గ్రంథంలో ఒక భాగాన్ని శరీరానికి, మరో భాగాన్ని మనసుకు కేటాయించాడు. మనసు బాగున్నప్పుడే మంచి ఆలోచనలను మందుల్లా దాచి ఉంచుకోవాలని, దుఃఖం కమ్ముకున్నప్పుడు వాటిని వాడుకోవాలని ఆయన సలహా.

ఇక ఇంట్లోవారి సంగతి. విశ్వాసి ఒక పేగుతో, అవిశ్వాసి ఏడు పేగులతో తింటాడన్న భావం గల హదీసును కొందరు ఆమె ముఖాన విసురుతారు. అది ప్రాపంచిక అత్యాశకు ఉపమానమని కొందరు పండితులు వివరించారు. ఆ సందర్భంలోని ఒక అతిథికే వర్తిస్తుందని మరికొందరు అన్నారు. కంచం చూసి కోడలి ఈమాన్‌ను కొలవడానికి అందులో ఆధారం లేదు. పైగా దుఃఖంలో తిండి ఊరటనివ్వడం తప్పేమీ కాదు. బంధువుల్లో ఎవరైనా చనిపోతే, వచ్చిన స్త్రీలు వెళ్ళిపోయి దగ్గరివారు మిగిలాక హజ్రత్ ఆయిషా (రజి) తల్బీనా అనే జావ వండించేవారు. అది బాధపడే గుండెకు నెమ్మదినిస్తుందని ఆమె ప్రవక్త (స) నుంచి విన్నారు. హిజ్రీ 8లో మూతా యుద్ధంలో జాఫర్ (రజి) అమరులైనప్పుడు ఆయన ఇంటివారికి భోజనం వండి పెట్టమని ప్రవక్త (స) చెప్పారు. ఆ తిండి ఇంకొకరు వండి తెచ్చినది, నలుగురి మధ్య తిన్నది. మన సోదరిది చీకట్లో ఒంటరి తిండి.

మాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించేది మరొకటి ఉంది. రాత్రి తిన్నందుకు శిక్షగా కొందరు వరుసగా నఫిల్ ఉపవాసాలు పెట్టుకుంటారు. పెద్దలు కూడా అదే మందని చెబుతారు. బ్రిటన్‌కు చెందిన క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ వంటివారి పరిశోధన దీనికి వ్యతిరేక దిశలో ఉంది. పస్తు ఎంత కఠినంగా ఉంటే, అది తెగినప్పుడు తిండి అంత అదుపు తప్పుతుంది. అందుకే ఆయన పద్ధతిలో మొదటి పని తగ్గించడం కాదు, వేళకు తినడం. మూడు పూటల భోజనం, మధ్యలో కొద్దిగా ఫలహారం. ఏం తిన్నారో, ఆ క్షణంలో మనసు ఎలా ఉందో వెంటనే నోటు పుస్తకంలో రాసుకోవాలి. ఉర్దూలో రాసినా తెలుగులో రాసినా ఒకటే. బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 2017 నుంచి ఈ వ్యాధికి మొదటి చికిత్సగా ఇలాంటి స్వయంసహాయ కార్యక్రమాన్నే సూచిస్తున్నాయి. పదహారు వారాల్లో నాలుగు నుంచి తొమ్మిది సార్లు, సుమారు ఇరవై నిమిషాల చొప్పున ఒక సలహాదారు మాట్లాడతారు. అది సరిపోకపోతే బృంద చికిత్స ఉంటుంది. అయితే దీనివల్ల బరువు పెద్దగా తగ్గదని ముందే చెప్పాలి. సన్నబడడం కోసం వెళ్ళినవారు నిరాశపడతారు.

నిరంతరం ఉపవాసముండే అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి)ని ప్రవక్త (స) వారించి, శరీరానికీ హక్కు ఉందని గుర్తు చేశారు. నఫిల్‌ను శిక్షగా మార్చుకోవద్దని మేమనేది ఇందుకే. రమజాన్ ఫర్జ్ సంగతి వేరు. వ్యాధిగ్రస్తులకు దివ్యఖుర్ఆన్ సడలింపు ఇచ్చింది. కాని ఈ వ్యాసం చదివి ఎవరూ సొంతంగా ఉపవాసం మానకూడదు. వైద్యుణ్ణి, తెలిసిన ఆలిమ్‌ను, ఇద్దరినీ అడగాలి.

చీటీలలో ఇంకో ప్రశ్న ఉంటుంది. తప్పును దాచుకోమని ధర్మం చెబుతుంటే, పరాయివారికి ఇదంతా ఎలా చెప్పుకోవడం? పాపాన్ని గొప్పగా చాటుకోవడం వేరు, వైద్యుడికి రోగలక్షణం చెప్పడం వేరు. రెండవది దోషం కాదు. ఆదిలాబాద్ రిమ్స్ వంటి బోధనాసుపత్రికి వెళ్ళవచ్చు. బస్సెక్కి వెళ్ళడం కుదరనివారికి 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ ఉంది. నంబరు 14416. ఫోను ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు, అర్ధరాత్రి కూడా ఎత్తుతారు.