జడలో పూలు

ధ్యాన భాగం: 1 కొరింథీయులకు 7:10–12, 25–28, 39–40

బతుకమ్మ రోజుల్లో హనుమకొండ అంతా తంగేడు, గునుగు, బంతి. పొద్దు గూకేసరికి వేయిస్తంభాల గుడి దారిలో, పద్మాక్షి గుట్ట కింద ఆడబిడ్డలు కిటకిటలాడతారు. ఆ రోజుల్లో వచ్చే ఆదివారం మన సంఘాల్లో ఒక పాత పేచీ మళ్లీ లేస్తుంది. గౌరమ్మ పూజలో విశ్వాసి పాలుపంచుకోవచ్చా అన్నది కాదు, దానికి పౌలు ఇదే పత్రిక 10వ అధ్యాయంలో తేటగా జవాబు చెప్పాడు. పేచీ అంతా జడలో మూరెడు పూలు పెట్టుకుని చర్చికి వచ్చిన పిల్ల గురించి.

"విశ్వాసులు పూలు పెట్టుకోవద్దు బిడ్డా, వాక్యంల ఉంది" అంటారు పెద్దలు. ఎక్కడుందంటే 1 తిమోతి 2:9, 1 పేతురు 3:3 చూపిస్తారు. తీసి చదవండి. జడలు అల్లుకోవడం ఉంది, బంగారం ఉంది, ముత్యాలున్నాయి, ఖరీదైన బట్టలున్నాయి. పూలు లేవు. అక్కడున్న ఖరీదైన బట్టల ఊసు మన పెళ్లిళ్లలో ఎవరూ ఎత్తరు, పట్టుచీరలకు ముందు వరుసలోనే కుర్చీలు వేస్తాం. అక్కడ లేని పూలను మాత్రం గుమ్మం దగ్గరే తీయిస్తాం. ఇక్కడికి దగ్గర్లోనే, కాజీపేట ఫాతిమా కేథడ్రల్‌కు వచ్చే కథోలిక అక్కచెల్లెళ్లు పూలు పెట్టుకునే ఆరాధనకు వస్తారు.

పూలు మానేసిన అమ్మమ్మలను నేను తక్కువ చేయను. పాత కొలుపులు వదిలి వచ్చిన తరానికి పూలూ బొట్టూ ఆ కొలుపులతో ముడిపడినవే. ఊరంతా వేలెత్తి చూపుతున్నా, క్రీస్తు కోసం ఇష్టపడి వదులుకున్నారు. అది వాళ్ల కానుక. మనవరాలి దగ్గరికి వచ్చేసరికి దాన్ని మనం పన్నుగా మార్చి వసూలు చేస్తున్నాం.

వాక్యంలో లేనిదానికి మనం వాక్యం పేరు పెడుతున్నాం. ఈ విషయంలో పౌలు ఎంత జాగ్రత్తగా మాట్లాడాడో చూడండి. భార్యాభర్తలు విడిపోకూడదన్నప్పుడు, ఇది నా మాట కాదు, ప్రభువుదే అన్నాడు. యేసు ఆ సంగతి స్వయంగా బోధించాడు గనుక. భార్యో భర్తో అవిశ్వాసి అయిన ఇంటి సంగతి వచ్చేసరికి, ఇది ప్రభువు చెప్పింది కాదు, నేను చెబుతున్నాను అన్నాడు. పెళ్లికాని వాళ్ల విషయంలోనైతే ప్రభువు ఆజ్ఞ తన దగ్గర లేదని ఒప్పుకుని, తన ఆలోచన చెప్పాడు, దానికి కారణమూ చెప్పాడు. అది కాదని పెళ్లి చేసుకున్నా పాపం కాదన్నాడు. అపొస్తలుడాయన. అన్నిటికీ ప్రభువు పేరే పెట్టేస్తే కొరింథులో అడిగేవాళ్లెవరు? అయినా పెట్టలేదు. ఆత్మ ప్రేరణతో రాసిన లేఖనమే ఆ తేడాను మనకోసం దాచి ఉంచింది.

అధ్యాయం చివర భర్త చనిపోయిన స్త్రీ ఉంది. ఇష్టమైనవాణ్ణి పెళ్లి చేసుకోవచ్చు, ప్రభువునందు మాత్రమే చేసుకోవాలి. ఆ నియమం చెప్పిన వెంటనే, ఉన్నట్టే ఉండిపోతే ఇంకా ధన్యురాలని తన అభిప్రాయమన్నాడు పౌలు. దేవుని ఆత్మ తనకూ ఉందని తలుస్తున్నానన్నాడు, అంతకుమించి ఒత్తిడి చేయలేదు. పెళ్లా, ఒంటరితనమా అన్నది ఆమె చేతిలోనే పెట్టాడు.

ప్రార్థన: ప్రభువా, గుమ్మం దగ్గర పూలు తీసేసి లోపలికొచ్చిన ఆ పిల్లను ఈ రోజు జ్ఞాపకం చేసుకో. ఆమెన్.