రిలీఫ్



దివిసీమలో బడి ముఖము చూడని ముసలివారికి సయితము తెలిసిన ఇంగ్లీషు మాట ఒకటున్నది: రిలీఫ్. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి వేలాదిమందిని తీసికొనిపోయిన తరువాత ఆ మాట మన ఇండ్లలో నిలిచిపోయినది. "రిలీఫ్ వచ్చిందా?" అనగా బియ్యము, చీర, దుప్పటి వచ్చెనా అని అర్థము. మోకాలినొప్పికి మాత్ర మింగి "కాస్త రిలీఫ్‌గా ఉందండీ" అనునదియు అదే మాట. దాని లాటిను మూలమునకు బరువు తగ్గించుట, తిరిగి లేవనెత్తుట అని భావము.

ఇంగ్లీషువారి పాత బైబిలులో ఇది అపొస్తలుల కార్యములు 11:29లో కనబడును. కరవు రానున్నదని అగబు తెలుపగా, అంతియొకయలోని శిష్యులు ఎవరికి కలిగినది వారు కూర్చి బర్నబా సౌలుల చేత యూదయకు పంపిరి. మన బైబిలులో అచ్చట సహాయము అని యున్నది. గ్రీకులో దియాకొనియ, అనగా పరిచర్య. 6వ అధ్యాయములో విధవరాండ్రకు దినదినము జరిగిన పంపకమునకును, అపొస్తలుల వాక్యసేవకును వాడిన మాట అదియే. బియ్యము కొలుచుటకును ప్రసంగించుటకును ఒకే మాట! ప్రసంగపీఠమెక్కు నాకు ఇది మ్రింగుడుపడుటకు కొంత కాలము పట్టినది. ఆ పంపకములో కొందరు విధవరాండ్రు విడువబడిరని సణుగు పుట్టిన సంగతి మీరెరుగుదురు.

2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజి నుండి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరదనీరు దిగువకు వచ్చి లంకగ్రామములు మునిగినప్పుడు, సంఘమునకు అందిన బియ్యము పంచుటకు జాబితా వ్రాసినవాడను నేనే. మనవారి పేర్లు మాత్రమే వ్రాసితిని. వరుస చివర ఒక తల్లి సంచి పట్టుకొని నిలిచినది. మన సంఘస్థురాలు కాదు. "జాబితాలో పేరు లేదమ్మా" అంటిని. ఆమె తగవులాడలేదు. "సరేనయ్యగారూ" అని సంచి మడిచి చంకలో పెట్టుకొని వెళ్లిపోయినది.

ఆ రాత్రి గలతీయులకు 6:10 తెరచి నన్ను నేను సమర్థించుకొనజూచితిని. విశ్వాసగృహమువారి ప్రస్తావన అచ్చట ఉన్నది గదా. అయితే దానికి ముందే అందరికిని మేలు చేయుమని యున్నది. ఆ సగము నేను దాటిపోయితిని. మరునాడు బియ్యము మోసికొని ఆమె యింటికి పోతిని. తీసికొన్నది, కూర్చోమని మాత్రము అనలేదు.

ఉప్పెన చూచిన మన సంఘములోని ఒక అవ్వను, ఆనాటి రిలీఫ్‌లో ఏమి జ్ఞాపకమున్నదని అడిగితిని. "ఏమిచ్చారో గుర్తులేదయ్యగారూ. పొరుగూరాయన ఒకడు, మనవాడు కాదు, మా పిల్లాణ్ణి వెదకడానికి మూడు రోజులు నాతో తిరిగాడు" అన్నది. పిల్లవాడు దొరకలేదు.

తుపానుల కాలము రాకమునుపే సంఘపెద్దలు క్రొత్త జాబితా వ్రాయుచున్నారు. ఊరి మొదటినుండి ఇంటివరుసను, ఏ గడపయు విడువక వ్రాయుడని వారితో చెప్పితిని.