గోడమీద చుక్క

మొన్న హైదరాబాదు పోయినప్పుడు ఎనిమిది వేలు పెట్టి ఒక బొమ్మ కొనుక్కొచ్చినాను. రజా గీసిన 'బిందు' బొమ్మకు అచ్చు ప్రతి. చెక్క ఫ్రేము, అద్దం. లోపల ఒక పెద్ద నల్లటి గుండ్రం. ఓర్వకల్లులో మా యింటి గోడకు తగిలిస్తే మాయమ్మ చానాసేపు చూసింది. "ఏందిరా, గోడకు పిడక కొట్టినట్లుండాది. ఎంతైంది?" అనింది. చెప్పినాను. మాట్లాడలేదు. ఎన్నిదినాల కూలో లెక్కేసుకుంటాందని నాకు తెలుసు.

స్టాఫ్ రూములో ఒకాయన "మీకెందుకు సార్ ఇట్లాంటివి?" అన్నాడు. ఆ 'మీకు'లో మా గేరంతా ఉంది. ఉద్యమంలో ఉన్న మిత్రుడు ఇంకో తీరుగా అడిగినాడు. "గేరి పిల్లోళ్లకు నోటుబుక్కులు లేకుంటే నీకు చుక్క కావాల్సొచ్చిందా? పైగా బిందువు వాళ్ల తత్వమే గదా?" మొదటి మాటకు కోపమొచ్చింది. రెండోదానికి నిద్ర పట్టలేదు.

సయ్యద్ హైదర్ రజా 1922లో మధ్యప్రదేశ్ అడవి పల్లెలో పుట్టి, 2016లో పోయినాడు. చిన్నప్పుడు చదువుమీద గురి నిలవకుంటే పంతులు గోడమీద చుక్క పెట్టి దాన్నే చూడమన్నాడని చెప్పుకునేవాడు. నాకూ పంతుళ్లు గోడే చూపించినారు. చివరి వరస, గోడవార. నా గోడమీద మాత్రం ఎవరూ చుక్క పెట్టలేదు. బిందువనే పేరు ఎవరిదైనా కానీ, పెద్దిండ్ల గోడలకు గుండ్రంగా పిడకలు కొట్టింది మాయమ్మే.

ఈ కాయితం పత్తితో చేసింది, ఆమ్లం ఉండదు, సిరా తొందరగా వెలిసిపోదు అన్నాడు అమ్మినాయన. ఆ సంగతి చెప్తే "పత్తా?" అని మాయమ్మ అద్దంమీద చెయ్యి పెట్టింది. పత్తికాయల మొనలు గీరి చీలిన వేళ్లవి. పక్కనే అంబేద్కర్ క్యాలెండరు పసుపుబారి ఉంది. మా నాయన ఫోటో ఒక్కటుంటే చెదలు తినింది. పత్తి ఏరినోళ్ల ముఖాలు ఏ కాయితంమీదా నిలవలేదు.

మాకు దగ్గర్లోనే కేతవరం రాళ్లమీద పాతకాలం మనుషులు ఎర్రరంగుతో గీసిన బొమ్మలున్నాయి. వాళ్లకేమీ బువ్వ సులువుగా దొరికుండదు. అంబేద్కర్ అన్ని పోరాటాల మధ్య పెద్దవయసులో వయొలిన్ నేర్చుకున్నాడు. ఆకలి తీరినంకనే అందం అనుకుంటే మన వంతు ఎప్పటికీ రాదు. అట్లని మిత్రుడి ప్రశ్న తప్పనను. నోటుబుక్కుల బాకీ నామీద ఉంది, తీర్చాల్సిందే. బొమ్మ కొన్నందుకు ఆ బాకీ పెరగలేదు, తగ్గనూ లేదు.

మర్సటి వారం చివరి వరస పిల్లోణ్ణి పిలిచి సుద్దముక్క ఇచ్చినాను.

"ఏం గీయాల సార్?"

"నీ యిష్టం" అన్నాను.