ఉత్తరం ఎక్కడ ఆగింది?

చిరంజీవి బుజ్జికి,

కలకత్తా నుంచి పెద్దనాన్న ఆశీస్సులు. నీ ఉత్తరం చేరింది. అన్న గురించి రాసిందంతా నిజమేనని ముందే ఒప్పుకుంటున్నాను. పేచీ అల్లా నువ్వు రాసిన వరుసతోనే.

సాహిత్యం చదివినదానివి కనుక అక్కణ్ణుంచే వస్తాను. గురజాడ ‘దిద్దుబాటు’ 1910లో వచ్చింది. నాలుగేళ్లకు రవీంద్రుడు ‘స్త్రీర్ పత్ర’ రాశాడు. రెండింట్లోనూ భార్య ఇల్లు విడిచానంటూ భర్తకు రాసిన ఉత్తరం ఉంది. గురజాడ దాన్ని కథ మధ్యలో పెట్టాడు: గోపాలరావు చదువుకుని, నౌకరు ముందు లబలబలాడాక, మంచం కింద నుంచి భార్య కమలిని నవ్వు వినిపిస్తుంది. రవీంద్రుడి దగ్గర ఉత్తరమే మొత్తం కథ. ఇక్కడి మాఖన్ బొరాల్ గల్లీలోని అత్తవారింటిని వదిలి, పూరీ నుంచి మృణాళ్ రాస్తుంది. భర్త పాదాలకు మొక్కే మర్యాదతో మొదలుపెట్టి, ఆ పాదాల ఆశ్రయం తెగిపోయిందని సంతకం చేస్తుంది. జవాబు ఉండదు. రచయితల ఉద్దేశాలే వేరు, నిర్మాణం ఏం చేసిందంటావు. సరే, మార్చి చూడు. కమలిని ఉత్తరంలో అక్షరం కదపకుండా కథను అక్కడే ఆపెయ్యి, హాస్యం పోయి ఖాళీ ఇల్లు మిగులుతుంది. మృణాళ్‌ను చివర్లో తలుపు చాటు నుంచి నవ్వించు, ఒంటికి నిప్పంటించుకుని పోయిన ఆమె తోడికోడలి చెల్లెలు బిందు చావు వేళాకోళమైపోతుంది. ఉద్దేశం ఎంత గొప్పదైనా కథ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందన్న దాన్నిబట్టే పాఠకుడి మనసు ఒక పక్కకు ఒరుగుతుంది.

 మా కాలంలో సీరియల్ తరువాయి కోసం వారం ఆగాల్సి వచ్చేది, ఆ వారంలో దుర్మార్గుడి మీద కూడా కాస్త అనుమానం పుట్టేది. ఇప్పుడు సంభాషణ నడుమ ఒక ముక్క కత్తిరించి స్క్రీన్‌షాట్ పంపిస్తే చాలు, బంధువులంతా తీర్పు చెప్పేస్తారు! నీ కథ కూడా అన్న అమ్మ ఇంటి తాళం మార్చిన రోజున మొదలైంది. అంతకు ముందు, అమ్మ మంచాన పడి ఉన్న రోజులు అందులో లేవు.

అన్న వైపు నుంచి కూడా చెబితే అతను చేసిన అన్యాయాన్ని ఒప్పుకున్నట్టేగా అంటావేమో. రవీంద్రుడిదే, 1916 నాటి నవల ‘ఘరే బాయిరే’ చూడు. బిమల, నిఖిలేశ్, సందీప్ ఎవరి కథ వాళ్లే చెబుతారు. సందీప్‌కు నోరు ఇచ్చినందువల్ల అతని తప్పు మాసిపోలేదు, అతని మాటలే అతన్ని బయటపెట్టాయి. న్యాయం నీ పక్షాన ఉంటే అన్న నోరు నొక్కాల్సిన పనేముంది?

ఇక విను. లాయరు నోటీసు ఈ నెల పంపకు. ఇల్లు మీ అమ్మ పేరున ఉంది, వీలునామా లేకపోతే ఆమె తదనంతరం కొడుకుతో పాటు కూతురికీ సమాన వాటా వస్తుంది. అది నీ కోపం మీద ఆధారపడి లేదు. రిజిస్ట్రారాఫీసులో ఈసీ, దస్తావేజు నకలు తీయించు. అమ్మ ఆస్పత్రి బిల్లులు ఎవరు కట్టారో రాసి పెట్టుకో. ఫ్యామిలీ గ్రూపులో ఒక్క ముక్క పెట్టకు. పూజ సెలవులకు ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో ఇక్కడికి రా, అన్ననూ రమ్మన్నాను. టిక్కెట్టు ముందే చేయించుకో, ఆఖర్న దొరకదు.

మీ పెద్దనాన్న